మరియు మార్కరు

ఇది ఒక మహాయోధుడి గాథ. పద్నాలుగేళ్ళలో పదకొండు కప్పులు గెలిచి, మూడు పట్టణాలను గడగడలాడించి, ఎదురుగా ఎవరు నిలబడ్డా నెట్టుకు ఆవలే ఆపేసిన ఒక వీరుడి చరిత్ర. గుర్రంకొండ కోట మీద నగారా కొట్టి మొదలుపెట్టాల్సినంత కథ.

అని రాద్దామని కూర్చున్నాను. రాసింది ఒకసారి చదువుకునేసరికి నగారా పిగిలిపోయింది. మూడు పట్టణాలంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం. కప్పు అంటే ఆ మూడూళ్ళ క్లబ్బుల మధ్య ఏడాదికోసారి జరిగే టెన్నిసు జోడీల పోటీది. వచ్చేవే మూడు జట్లు కాబట్టి ఒక్క ఆట గెలిస్తే ఫైనల్లో ఉంటాం. ముందటేడు గెలిచిన వాళ్ళైతే ఆ ఒక్కటీ గెలవనక్కర్లేదు, ఇంట్లో కూర్చున్నా ఫైనలే. ఇక గడగడలాడిన వాళ్ళ సంగతి. నేను విన్నంతలో, చూసినంతలో, ఆ పద్నాలుగేళ్ళూ గడగడలాడింది ఒక్కడే. మన యోధుడే.

ఆయన మదనపల్లె క్లబ్బులో మార్కరు. టెన్నిసు కోర్టును చూసుకుంటూ, జత దొరకని మెంబర్లతో ఆడడానికి జీతం ఇచ్చి పెట్టుకున్న మనిషిని మార్కరంటారు. నీళ్ళు చల్లడం, రోలరు లాగడం, సున్నంతో గీతలు గీయడం, నెట్టు కట్టడం పొద్దున పని. సాయంత్రం పని ఓడిపోయే మెంబరును గెలిపించడం. ఆయనకో పేరుండేది. ఊళ్ళో ఎవరూ దాన్ని వాడలేదు; ఇప్పుడు నేను కొత్తగా వాడితే ఇంకెవరి గురించో అనుకుంటారు. మార్కరప్ప అనేవాళ్ళం. ఆయన కూడా మమ్మల్ని పేర్లు పెట్టి పిలిచింది లేదు. ఎవరి ఉద్యోగం వెనక వాళ్ళకు ఒక అప్పను తగిలించేవాడు. డాక్టరప్ప, ఇంజినీరప్ప, వకీలప్ప. నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరును. కాబట్టి ఫోనప్పను.

ఆయన పోయిన సంగతి మదనపల్లెలో అందరికంటే ముందు తెలిసింది నాకే. ఇందులో ఆత్మీయత ఏమీ లేదు, డ్యూటీలో ఉన్నాను. పొద్దున తొమ్మిదింటికి కుప్పం నుంచి చిత్తూరు మీదుగా ట్రంకు కాలు. "మదనపల్లె క్లబ్బు గావాల" అన్న గొంతు వినగానే పోల్చుకున్నాను. కుప్పం క్లబ్బు మార్కరు మునెప్ప. కలిపాను. కలిపాక లైను వదిలేయాలని మా నిబంధన. ఆ నిబంధన పాటించిన ఆపరేటరు నాకింతవరకూ తగల్లేదు.

క్లబ్బులో ఫోనెత్తింది సెక్రటరీ, అంటే వకీలప్ప.

"సామీ, మార్కరు పోయినాడు."

"ఏ మార్కరు?"

"మీ మార్కరే సామీ."

"యాడికి పోయినాడు? రెండు దినాలే గదా లీవు పెట్టినాడు. ఎప్పుడొస్తాడు?"

లైన్లో కాసేపు గరగర. అది లైనుదో, మునెప్ప గొంతుదో, ఎన్నేళ్ళు ఆపరేటరుగా చేసినా నాకు తేడా తెలియలేదు.

"రాడు సామీ" అన్నాడు మునెప్ప.

*

ఒక మనిషి ఎడమపక్క మాత్రమే ఉండడం మీరెప్పుడైనా చూశారా? మార్కరప్ప ఉండేవాడు. జోడీ ఆటలో ఒకడు కుడివైపు నిలబడతాడు, ఇంకొకడు ఎడమవైపు. ఆయన చిన్నప్పటి నుంచీ ఎడమ. కోర్టులో మొదలైన ఆ పద్ధతి తర్వాత కోర్టు బయటకూ వచ్చేసింది. మీతో కలిసి బజారులో నడిస్తే మీకు ఎడమ. టీ బంకు బల్ల మీద ఎడమ. పెళ్ళి భోజనాల్లో పంక్తి ఎడమ కొస. ఒకసారి బస్సులో ఎడమ సీటు ఖాళీ లేదని మదనపల్లె నుంచి పుంగనూరు దాకా నిలబడే వచ్చాడు. కుడిపక్క సీటు ఖాళీగానే ఉంది, నేను చూపించాను కూడా.

"ఆడ కూసుంటే నా పక్కన ఎవురో లేనట్టుంటాదప్పా" అన్నాడు.

పక్కన ఎవరో ఉండాలి, అంతే. టీ ఎప్పుడూ ఒకటి చెప్పి రెండు గ్లాసుల్లో పోయించేవాడు. ఎవరూ లేకపోతే బంకువాడికే రెండో గ్లాసు ఇచ్చేవాడు. ఒంటరిగా ఆడే సింగిల్సు ఆట ఆయన జన్మలో ఆడలేదు. ఎందుకని అడిగితే భయంగా అటూ ఇటూ చూసి చెప్పేవాడు.

"ఒంటికి ఆడితే ఇంజినీరప్పను నేను ఓడించాల, లేదంటే ఇంజినీరప్ప సేతిలో నేను ఓడాల. రెండిట్లో ఏది జరిగినా ఉద్యోగానికి ముప్పే గదా. జోడీలో అయితే ఇంజినీరప్ప గెలుస్తాడు, నేనూ గెలుస్తా."

ఇంట్లో మాత్రం ఒంటి మనిషే. భార్య పోయి చాలా ఏళ్ళు. కూతురు పెద్దపంజాణిలో కాపురం. కోర్టు వెనక క్లబ్బువాళ్ళు ఇచ్చిన ఒక గదిలో ఆయనా, ఆరు రాకెట్లూ, ఒక గుడ్డసంచీలో బంతులూ ఉండేవి. కొయ్య రాకెట్లు తేమకు వంకర పోతాయని నాలుగు మరల బిగింపు చట్టంలో పెట్టేవాడు. బిగించేవాడు. ఎక్కువ బిగిస్తే విరుగుతుందేమోనని వదులు చేసేవాడు. వదులైతే వంగుతుందేమోనని మళ్ళీ బిగించేవాడు. టెన్నిసులో ఆయన మణికట్టును అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ మణికట్టు ఆ మరల పుణ్యమేనని నా అనుమానం.

ఆయన భయాల జాబితా రాయను, కాగితం చాలదు. మబ్బు పడితే కోర్టు బురదవుతుందని భయం. మబ్బు పడకపోతే మట్టి పగులుతుందని భయం. బెంగుళూరు నుంచి బస్సులో రావాల్సిన కొత్త బంతులు రాకపోతే భయం. వస్తే వాటిని మెంబర్లు ప్రహరీ అవతల కొడతారని అంతకంటే భయం. అయితే కోర్టులో దిగి ఆట మొదలయ్యాక, నెట్టు దగ్గర ఎడమపక్క వంగి నిలబడ్డాక, ఆ మొహంలో ఒక నిమ్మళం వచ్చేది. ప్రపంచంలో ఆయనకు సంబంధం ఉన్న భాగం అప్పుడు సున్నం గీతల మధ్యే కాబట్టి అనుకుంటాను.

ఆయన ఆటలో గొప్పతనం ఏమిటో ఐదారేళ్ళు చూస్తే గానీ తెలియదు. తెలియకుండా ఆడడమే ఆ గొప్పతనం. ఎదుటివాళ్ళు గట్టిగా కొట్టిన బంతిని ఈయన మెల్లగా ఎక్కడో పెట్టేవాడు. వాళ్ళు పడుతూ లేస్తూ దాన్ని తిరిగి పంపితే, అది సరిగ్గా మన మెంబరు రాకెట్టు ముందుకు, కొట్టమని బతిమాలుతున్నట్టుగా వచ్చేది. మెంబరు కొట్టేవాడు. "ఏం కొడితివప్పా!" అని మార్కరప్ప నోరు తెరిచేవాడు. ఆ ఆశ్చర్యం నటన అనుకున్నాను చాలాకాలం. కాదు. ఇంత అందంగా వచ్చిన బంతిని కూడా ఎక్కడ పోగొడతాడోనని అంతసేపూ ఊపిరి బిగబట్టి ఉండేవాడు. అది వదిలే చప్పుడు.

ఇద్దరి మధ్యలోకి వచ్చే బంతి ఒకటుంటుంది. జోడీ ఆటను చెడగొట్టేది అదే. నాదంటే నాదని ఇద్దరూ పోతారు, లేదా నీదంటే నీదని ఇద్దరూ ఆగిపోతారు. దాని గురించి మార్కరప్పకు ఒక మాటుండేది.

"మద్దెలో పడే బంతి ఎవురిదీ గాదప్పా. అందుకే అది నాది."

*

క్లబ్బు హాల్లో, రమ్మీ ఆడే గదికి పోయే ద్వారం పైన, ఒక నల్ల బోర్డు ఉండేది. ఏ ఏడు ఎవరు కప్పు గెలిచారో తెల్లరంగుతో రాసేవాళ్ళు. పోటీ నిబంధన ప్రకారం ప్రతి జట్టులో ఒక మెంబరు, ఒక మార్కరు. కాబట్టి బోర్డు మీద ఒక గీతలో డాక్టరుగారి పేరు, డిగ్రీలు, "మరియు మార్కరు". కింద గీతలో వకీలుగారి పేరు, డిగ్రీలు, "మరియు మార్కరు". ఇంజినీర్లు మారారు, బదిలీ అయ్యారు, రిటైరయ్యారు. పదకొండు గీతల్లోనూ చివరి రెండు మాటలు మాత్రం మారలేదు.

ప్రతి సోమవారం నిచ్చెన వేసుకుని ఆ బోర్డును తడిగుడ్డతో తుడిచేవాడు. ఒక సోమవారం నేను నిచ్చెన పట్టుకున్నాను. పేరు రాయించుకోవచ్చు కదా అన్నాను.

"పేరు యాలప్పా? మార్కరంటే నేనే గదా. మదనపల్లె క్లబ్బుకి నేను గాక ఇంకెవురుండారు మార్కరు?"

అని రెండు గీతలు తుడిచాడు. మూడో గీత దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"అయినా ఫోనప్పా... రేపు నన్ను తీసేసి ఇంకో మార్కరును పెడితే?"

"పెడితే?"

"అప్పుడు మార్కరంటే వాడే గదా. ఈ బోర్డు సూసినోళ్ళు ఏమనుకుంటారు? పదకొండు కప్పులూ వానివే అనుకోరా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నిచ్చెన మీద నిలబడి, చేతిలో తడిగుడ్డతో, పదకొండు గెలుపుల్నీ కళ్ళముందే ఎవడో మోసుకుపోతున్నట్టు చూస్తున్నాడు. గుడ్డ నుంచి నీళ్ళు నా తల మీద పడుతున్నాయి. ఆ విషయం చెప్పడానికి అది సమయం కాదనిపించి ఊరుకున్నాను.

భయం ఊరికే రాలేదు. అంతకుముందు రెండేళ్ళు కప్పు కుప్పానికే పోయింది. మార్కరప్పకు యాభై దాటింది. కమిటీలో ఒక మాట లేచింది: ఈసారి కూడా కప్పు రాకపోతే వయసులో ఉన్న మార్కరును పెట్టుకుందాం. ఆ మాట సెక్రటరీ నోటి నుంచి రమ్మీ గదికి, అక్కడి నుంచి రోలరు దాకా రావడానికి ఒక సాయంత్రం పట్టింది. ఉద్యోగం పోతే గది పోతుంది. గది పోతే ఆరు రాకెట్లు నెత్తిన పెట్టుకుని కూతురింటికి పోవాలి. అవి రెండూ ఆయన తట్టుకునేవాడేమో. పదకొండు గీతలు పోవడం మాత్రం తట్టుకోలేడు.

సరే, ఈసారి గెలిస్తే పోలేదా? గెలిచే జట్టే. ఇంజినీరప్ప సర్వీసు బాగుండేది. పోటీకి ఆరు రోజుల ముందు ఇంజినీరప్పకు బదిలీ అయ్యింది. డాక్టరప్పకు మోకాలు. వకీలప్పకు వాయిదా. మిగతావాళ్ళకు రమ్మీ. చివరకు ఎవరూ మిగలక నన్ను తీసుకున్నారు. నన్ను క్లబ్బులో చేర్చుకున్నదే ట్రంకు కాల్సు తొందరగా కలుపుతానని. నేను కొట్టిన బంతి నెట్టు దాటితే అది గాలి తప్పు.

మార్కరప్ప నన్ను కోర్టులోకి తీసుకుపోయి ఎగాదిగా చూశాడు. అమ్మకానికొచ్చిన ముసలి ఎద్దును చూసినట్టు చూశాడు.

"ఫోనప్పా, నువ్వేమీ సేయొద్దు."

"ఏమీ వద్దా?"

"ఈ పక్క లైను కాడ నిలబడు. బంతి నీ మీదికొస్తే రాకెట్టు అడ్డం పెట్టు. రాకపోతే నువ్వు దాని కాడికి పోవద్దు."

"మధ్యలో పడితే?"

"మద్దెలో బంతి జోలికి సచ్చినా పోవద్దు. అది నాది."

ఐదు రోజులు ఏమీ చేయకుండా ఉండడం నేర్చుకున్నాను. నాకు సహజంగానే కొంత ప్రతిభ ఉందని తెలిసింది.

*

పుంగనూరులో ఆట నాలుగింటికి. మార్కరప్ప పొద్దున ఆరు గంటల బస్సుకే బయలుదేరదీశాడు. బస్సు పంచరవుతుందని ఒక గంట, డ్రైవరు దారిలో కాఫీకి ఆపుతాడని ఒక గంట, దారిలో గొర్రెల మంద అడ్డం వస్తుందని ఒక గంట లెక్కలో వేసుకున్నాడు. ఒక్కటీ జరగలేదు. ఏడున్నరకు పుంగనూరు కోర్టు బయట నిలబడి ఉన్నాం. గేటుకు తాళం. లోపల నెట్టు పక్కన ఒక ఆవు మేస్తోంది. పుంగనూరు ఆవులు పొట్టివి, లోకమెరిగిన విషయం. ఆ ఆవు వీపు సరిగ్గా నెట్టు అంచుకు సమంగా లేదు. నెట్టే రెండు వేళ్ళు పైకుంది.

"నెట్టు ఎత్తుగా కట్టినారప్పా" అన్నాడు మార్కరప్ప, చువ్వల్లోంచి చూస్తూ.

"ఆవు పొట్టిదేమో!"

"ఆవు సరిగ్గానే ఉండాది."

గేటు తెరిచాక పోయి కొలిచాడు. నెట్టు ఎత్తు కొలవడానికి ఆయనకు టేపు అక్కర్లేదు. ఒక రాకెట్టు నిలువు, దాని మీద ఇంకో రాకెట్టు అడ్డం. ఎంత ఉండాలో అంత. నిజంగానే రెండు వేళ్ళు ఎక్కువుంది. ఆవుదే సరైన లెక్క. నెట్టు దింపించాడు. ఆట గెలిచాం. నేను ఏమీ చేయలేదు, చాలా బాగా చేయలేదు. ఆయన కుడి, ఎడమ, మధ్య మూడు చోట్లా తానే ఉండి, మధ్యమధ్య నన్ను చూసి "ఏం నిలబడితివప్పా!" అన్నాడు.

మర్నాడు కుప్పం. ఫైనలు.

ఇక్కడ మునెప్ప సంగతి చెప్పాలి. కుప్పానికి దగ్గర్లోని బంగారు గనుల్లో తెల్లదొరల క్లబ్బు ఉండేది. మార్కరప్ప, మునెప్ప ఇద్దరూ చిన్నప్పుడు అక్కడ బంతులేరి, తర్వాత అక్కడే మార్కర్లయ్యారు. పదిహేడేళ్ళు జోడీగా ఆడారు. ఈయన ఎడమ, మునెప్ప కుడి. దొరలు జోడీలు మార్చుకునేవాళ్ళు గానీ వీళ్ళను విడదీసేవాళ్ళు కారట, విడదీస్తే ఇద్దరూ ఆడలేకపోయేవాళ్ళని. దొరలు పోయాక అక్కడి టెన్నిసూ పోయింది. ఒకరికి మదనపల్లెలో పని దొరికింది, ఇంకొకరికి కుప్పంలో. అప్పటి నుంచి ఇద్దరూ ఏడాదికోసారి కలిసేవాళ్ళు, నెట్టుకు చెరోవైపు.

కుప్పం జట్టులో మెంబరు పశువుల డాక్టరు. పెద్దమనిషి. ప్రతి బంతికీ "సారీ" అనేవాడు, గెలిచినా, ఓడినా. మునెప్ప మా మార్కరప్పను చూసి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏమన్నా, సన్నగా అయిపోయినావే."

"నువ్వు లావైనావు గదరా, సమంగా పోయింది. ఒరే, ఈసారి..." అని మార్కరప్ప ఆగిపోయాడు. తన ఉద్యోగం సంగతి చెప్పబోయి మింగేశాడని నాకు తెలుసు. చెబితే మునెప్ప ఆడడు. మునెప్ప ఆడకపోతే అతని ఉద్యోగానికి ముప్పు. "ఈసారి ఎండలు జాస్తిగా ఉండాయి" అన్నాడు.

మొదటి సెట్టు వాళ్ళది. రెండోది మాది. ఎలా మాదయ్యిందో నన్నడక్కండి, నేను లైను దగ్గర ఉన్నాను. మూడో సెట్టుకు మార్కరప్ప చొక్కా ఒంటికి అంటుకుపోయింది. కాళ్ళు మాత్రం ఎక్కడుండాలో అక్కడికి బంతి కంటే ముందు పోతున్నాయి. కుప్పం స్టేషను పక్కనే కోర్టు. రైలు వచ్చినప్పుడల్లా డాక్టరు ఆట ఆపి రైలుకు కూడా సారీ చెప్పేటట్టు చూసేవాడు. చివరకు ఆట ఎక్కడికొచ్చిందంటే, ఒక్క పాయింటు మేం పోగొట్టుకుంటే కప్పు వాళ్ళది. నిలబెట్టుకుంటే ఇంకా బతికి ఉంటాం.

మునెప్ప సర్వీసు చేశాడు. బంతి తిన్నగా నా మీదికే వచ్చింది. రాకెట్టు అడ్డం పెట్టాను. పెడితే, జన్మలో మొదటిసారి, నెట్టు దాటి, వాళ్ళిద్దరి మధ్యలోకి, ఎవరిదీ కాని చోటుకు ఒక అద్భుతమైన బంతి పోయింది. డాక్టరు అటు వంగాడు. మునెప్ప ఇటు దూకాడు.

"నాదీ!" అని అరిచాడు మునెప్ప.

అరిచింది డాక్టరుకు. డాక్టరు ఆగాడు. మునెప్ప కొట్టాడు. ఇదంతా సరిగ్గానే జరిగింది. కానీ నెట్టుకు ఈవల ఇంకొకరు కూడా ఆ మాట విన్నారు. మార్కరప్ప కోర్టు మధ్యలో నిలబడి ఉన్నవాడు, ఆ గొంతు చెవిన పడగానే రెండడుగులు ఎడమకు జరిగాడు. ఆలోచించి కాదు. ఆ గొంతు "నాదీ" అంటే మధ్యభాగం దానికి వదిలేసి ఎడమకు జరగడం ఆ కాళ్ళకు పదిహేడేళ్ళ అలవాటు. తర్వాత ఎన్ని సంవత్సరాలు ఎదురెదురుగా ఆడినా, మధ్యలో బంతి కోసం మునెప్ప అరవాల్సిన అవసరం వచ్చి ఉండదు. ఆ రోజు నేను కొట్టిన బంతి వల్ల వచ్చింది.

బంతి మా ఇద్దరి మధ్యలోంచి పోయింది. నేను దాన్ని చూశాను. చేయి చాపితే అందేది. సచ్చినా పోవద్దన్నారు కాబట్టి పోలేదు. మార్కరప్ప కూడా దాన్ని చూశాడు, ఎవరో పెద్దమనిషికి దారి ఇచ్చినట్టు పక్కకు ఒదిగి. బంతి వెనక కంచెకు తగిలి, మూడుసార్లు ఎగిరి, ఆగింది.

"సారీ" అన్నాడు డాక్టరు.

*

స్టేషను ముందర టీ బంకులో ముగ్గురం. ఒక టీ చెప్పారు, రెండు గ్లాసుల్లో పోయించారు. నాకు వేరే టీ చెప్పుకున్నాను, లెక్క కుదర్లేదు. మార్కరప్ప బల్లకు ఎడమ కొసన, మునెప్ప కుడి కొసన. ఇద్దరూ నా తల మీదుగా మాట్లాడుకుంటున్నారు. అప్పటికి ఉద్యోగం సంగతి నేనే మునెప్పకు చెప్పేశాను. నోరు జారింది అనను, చెప్పాలనే చెప్పాను.

"నేను గావాలని అరవలేదన్నా."

"తెలుసులేరా."

"పోయి చెప్తా. పాయింటు మళ్ళీ ఆడదామని మా సెక్రటరీకి చెప్తా."

"ఏమని సెప్తావురా? ఎదుటి జట్టోడు నా మాట ఇన్నాడు, తప్పయిపోయిందని సెప్తావా?"

మునెప్ప గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"నువ్వు అరిసింది నీ జతకే. ఇన్నది నేను. అంతే" అన్నాడు మార్కరప్ప.

తిరుగు బస్సులో ఎడమ సీటు దొరికింది. పలమనేరు దాటాం. ఊళ్ళో ఏం చెప్పాలి, కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది, గది ఎన్ని రోజుల్లో ఖాళీ చేయమంటారు, ఇవన్నీ ఆ తలలో మరలు బిగిస్తూ వదులుతూ ఉన్నాయని నాకు తెలుస్తూనే ఉంది. తేలిక చేద్దామని, నేను కొట్టిన ఆ ఒక్క బంతి గనక నెట్టుకు తగిలి ఉంటే ఎంత బాగుండేదో అన్నాను. వినలేదు.

"మునెప్ప గొంతు ఏం మారలేదప్పా" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. తర్వాత, "దగ్గు మాత్రం వచ్చుండాది" అన్నాడు. అక్కడి నుంచి మదనపల్లె దాకా ఆ దగ్గు గురించి భయపడ్డాడు.

*

ఇక కమిటీ. ప్రతి నెలా మొదటి ఆదివారం కూర్చోవాలి. తొమ్మిదిమంది సభ్యుల్లో ఐదుగురు ఉంటేనే తీర్మానం చెల్లుతుంది. మొదటి ఆదివారం అజెండాలో మొదటి అంశం: "వయసులో ఉన్న మార్కరును నియమించుట." సెక్రటరీ, ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. మిగిలిన ఆరుగురు గోడకు అవతలే ఉన్నారు, రమ్మీలో. సెక్రటరీ పిలిచాడు. "ఈ ఆట అయినాక" అన్నారు. రమ్మీలో ఈ ఆట అవ్వడమనేది ఉండదు. అంశం వచ్చే నెలకు వాయిదా పడింది. వచ్చే నెల పై నెలకు.

అలా ఎనిమిదేళ్ళు. ఆ ఫైనలు తర్వాత మూడూళ్ళ పోటీ కూడా మళ్ళీ జరగలేదు.

నవ్వుకోవడానికి బాగుంది. కానీ ఆ ఎనిమిదేళ్ళూ ప్రతి మొదటి ఆదివారం మార్కరప్ప గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బయట రోలరు మీద ఎడమ కొసన కూర్చునేవాడు. రాకెట్లు చట్టాల్లో బిగించి, బంతుల సంచీ మూతి కట్టి, గది తాళం చేతిలో పట్టుకుని. పొమ్మంటే ఆ తాళం ఇచ్చేసి పోవడానికి. నేను బయటికి రాగానే లేచేవాడు.

"కోరం అయిందా అప్పా?"

"కాలేదు."

తాళం జేబులో వేసుకుని పోయి నెట్టు కట్టేవాడు. ముప్పై రోజులు ఆయుష్షు పెరిగిన మనిషి నడకలా ఉండేది కాదు అది. ఇంకా ముప్పై రోజులు భయపడాల్సిన మనిషి నడక. ఒకసారి పట్టలేక అన్నాను, "మార్కరప్పా, వాళ్ళు జన్మలో కూర్చోరు, నువ్వు ఊరికే గుండె నొప్పి తెచ్చుకుంటున్నావు" అని.

"నువ్వు సిన్నోడివి ఫోనప్పా. పేకముక్కల్ని నమ్ముకుని బతికేది ఎట్లా?" అన్నాడు.

గుండె నొప్పి మాట నేనెందుకన్నానో. మునెప్పకు దగ్గు ఎక్కువైందని చూడ్డానికి రెండు రోజులు లీవు పెట్టి కుప్పం పోయింది ఈయన. దగ్గు ఉన్నవాడు అలాగే ఉన్నాడు. చూడ్డానికి పోయినవాడు, తెల్లవారి టీ గ్లాసు చేతిలోకి తీసుకుంటూ, మునెప్ప ఇంటి అరుగు మీద పక్కకు ఒరిగాడు. ఏ పక్కకో మునెప్ప ఫోన్లో చెప్పలేదు. నేనూ లైన్లో ఉన్నానని బయటపడకూడదు కాబట్టి అడగలేదు. చెప్పక్కర్లేదు కూడా.

తర్వాతి ఆదివారం క్లబ్బులో సంతాప సభ. మర్యాద కోసం ఆ రోజు రమ్మీ ఆపారు. అందరూ హాల్లోకి వచ్చి రెండు నిమిషాలు నిలబడ్డారు. రెండు నిమిషాలయ్యాక, పేకముక్కలు లేకపోవడంతో చేతులు ఏం చేసుకోవాలో ఎవరికీ తోచలేదు. సెక్రటరీ చుట్టూ చూసి, లెక్కపెట్టి, ఆశ్చర్యంగా అన్నాడు.

"ఏమప్పా, కోరం ఉండాదే ఈ పొద్దు!"

అజెండా తీశాడు. మొదటి అంశం ఎనిమిదేళ్ళుగా అదే. అప్పటికి నన్ను కూడా కమిటీలో వేసుకున్నారు, కారణం మామూలుదే, ఫోన్లు.

"కలకడలో ఎవురో మంచి మార్కరు ఉండాడంట. కబురు పెడదామా?" అన్నాడు సెక్రటరీ.

నేను ద్వారం పైన బోర్డు చూశాను. ఆ సోమవారం తుడిచేవాళ్ళు లేక పదకొండు గీతల మీదా సన్నగా దుమ్ము పట్టి ఉంది. అయినా కనబడుతున్నాయి.

"మార్కరు వద్దు" అన్నాను. "ఇప్పుడే కాదు, ఇక ఎప్పటికీ వద్దు. ఆ ఉద్యోగమే తీసేద్దాం."

ఇంతకాలం టెన్నిసువాళ్ళ మీద కడుపుమంటతో ఉన్న రమ్మీ వర్గం నన్ను మొదటిసారి మనిషిగా గుర్తించింది. ఆయన ఎనిమిదేళ్ళు తాళం చేతిలో పెట్టుకుని దేనికి భయపడ్డాడో, దానికంటే రెండాకులు ఎక్కువ చదివిన తీర్మానానికి చెయ్యెత్తింది నేనే. ఏకగ్రీవంగా నెగ్గింది. మదనపల్లె క్లబ్బుకు ఆయన తర్వాత మార్కరు లేడు. ఉండడు. ఆ బోర్డు చూసి ఎవరైనా "మార్కరు" అంటే ఎవరని అడిగితే, చెప్పడానికి ఒక్కడే ఉన్నాడు.

"బాగుంది గానీ, నెట్టు ఎవురు కడతారు?" అన్నాడు సెక్రటరీ.

నేనే కడుతున్నాను. మధ్యలో మూడడుగులు, గుంజల దగ్గర మూడున్నర. నూలు నెట్టు, తడిస్తే కుళ్ళిపోతుంది. మబ్బు పడితే విప్పి లోపల పెట్టాలి.